అవ్వ చాట, బాపు జెండా

మా అవ్వది కోరుట్ల, బాపుది సిరిసిల్ల. నేను జగిత్యాల కోడల్ని. మనసులు కలిస్తే మిగతావన్నీ అవే సర్దుకుంటాయని పెళ్లిళ్లలో పెద్దలు దీవిస్తుంటే నాకు మా ఇల్లే గుర్తొస్తుంది. వాళ్ల మనసులు కలిశాయి. నమ్మకాలు మాత్రం ముప్పై ఎనిమిదేండ్లు కలిసి బతికినా కలవలేదు.

1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలని, దొరల చేతిలోని భూములు పంచాలని పల్లెపల్లె నుంచి రైతుకూలీలు కదిలివచ్చిన రోజది. అప్పటికి ఇరవై ఏండ్ల వయసున్న, సాంచాల (మరమగ్గాల) కార్మికుడైన బాపు, సిరిసిల్ల నుంచి లారీ ఎక్కి పోయాడట. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పల్లెల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి. మగపిల్లలు కొందరు అడవికి పోతే, ఎందరో బొంబాయికి, భీవండికి, దుబాయికి దారిపట్టారు. బాపు ఎటూ పోలేదు. సాంచాల మధ్యనే ఉండి యూనియన్ పట్టుకున్నాడు.

ఆ రోజుల్లో రైతుకూలీ సంఘాల ముందుకు భూమి తగాదాలే కాదు, ఆలుమగల పంచాయితీలూ వచ్చేవి. కట్నం లేకుండా, అయ్యగారు లేకుండా దండలు మార్చుకునే పెళ్లిళ్లు అప్పుడే ఇటువైపు కనిపించసాగాయి. కోస్తాలో త్రిపురనేని రామస్వామి చౌదరి అంతకు చాలా ముందే తెలుగులో ‘వివాహ విధి’ రాశారు. తమిళనాడులో 1967లో అన్నాదురై ప్రభుత్వం అలాంటి పెళ్లిళ్లకు చట్టబలం ఇచ్చింది. మన దగ్గర ఆ సవరణ రాలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఆచారం ప్రకారం జరిగే తంతునే అడుగుతుంది. అందుకే, “పుస్తె లేకుంటే రేపు వాడు కాదంటే నా బిడ్డకు దిక్కెవరు?” అని మా అమ్మమ్మ మొండికేయడాన్ని నేను మూఢత్వం అనలేను. ఆమె ఏ చట్టమూ చదవలేదు. కానీ ఆమె భయం సరైనదే. 1981లో పొద్దున యూనియన్ ఆఫీసులో దండలు, రాత్రి కోరుట్లలో పుస్తెమట్టెలు. ఒక్క జంటకు ఒకే రోజు రెండు పెళ్లిళ్లు.

అవ్వ వెంట అత్తగారింటికి వచ్చిన అసలైన ఆస్తి బీడీల చాట. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు వంట వచ్చా అనే కన్నా ముందు “బీడీలు వస్తయా?” అని అడిగేవారు. 1977లో బీడీ పరిశ్రమకు ప్రావిడెంట్ ఫండ్ వర్తించాక, పీఎఫ్ నంబరుందా అనే ప్రశ్న కూడా దాని పక్కన చేరింది. తునికాకు నానబెట్టడం, ఫరమా పెట్టి కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, ఇరవై అయిదింటిని ఒక కట్ట చేయడం. టేకేదారు (బీడీల గుత్తేదారు) నాసివని తీసిపారేస్తే ఆ కష్టమంతా గంగలో కలిసినట్టే. తంబాకు దుమ్ములోనే నన్ను పండబెట్టుకుని అవ్వ రోజుకు వెయ్యి చేసేది. ఆమె నడుము, ఆమె దగ్గు చూసినదాన్ని. ఆ పనిని పొగడలేను. అయినా ఆ వెయ్యి బీడీల పైసలు ఆమె చేతికే వచ్చేవి.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. చేతిలో పైస లేని ఆడమనిషి తన నమ్మకాన్ని చంపుకుంటే మనవాళ్లు దాన్నే అన్యోన్యం అంటారు. అవ్వకు ఆ అవసరం రాలేదు. నేను పుట్టినందుకు వేములవాడ రాజన్నకు కోడె కట్టాలని మొక్కుకుంది. బాపు ఒక్క పైసా ఇవ్వనన్నాడు. “నిన్నెవలు అడిగిన్రు?” అని తన బీడీల పైసలతో నన్ను చంకనేసుకుని బస్సెక్కింది. బాపు బస్టాండు దాకా సంచి మోశాడు. గుడి దాకా రాలేదు. ఆ తర్వాత ప్రతి మొక్కుకూ అదే పద్ధతి.

కానీ 2006లో నా పెళ్లికి ఆ పద్ధతి సరిపోలేదు. జగిత్యాల సంబంధం వాళ్లు కట్నం అడిగారు. 1961 వరకట్న నిషేధ చట్టం నుంచి జైత్రయాత్ర దాకా బాపు అన్నీ చెప్పి, బిడ్డను అమ్మనూ కొననూ అన్నాడు. అవ్వ మాత్రం, “నీ సిద్ధాంతం కోసం నా బిడ్డ ఇంట్ల కూసోవాల్నా?” అంది. నేను నోరెత్తలేదు. ఆ మౌనం ఇప్పటికీ నన్ను కోస్తుంది. ఏడేండ్ల సర్వీసు నిండితే బిడ్డ పెళ్లికి పీఎఫ్‌లో తన వాటాలో సగం తీసుకోవచ్చన్నది అప్పటి నియమం. అవ్వ ఫారం 31 తెచ్చింది. ఆమెకు చదువు రాదు. వీధిలో అందరి దరఖాస్తులూ రాసిపెట్టేది బాపే.

ఫారం రెండు రోజులు గూట్లోనే ఉంది. మూడో రోజు రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నింపాడు. కారణం అన్నచోట ‘కుమార్తె వివాహం’ అని రాశాడు. అవ్వ వేలిముద్ర వేసింది. “నీ రెక్కల కష్టం, నేను అడ్డం రాను. ఇచ్చుడు తప్పే,” అన్నాడు. పెళ్లికి వచ్చాడు, తలంబ్రాలు అయ్యేదాకా నిలబడ్డాడు. మా అత్తగారింట్లో మాత్రం ఎన్నడూ చేయి కడగలేదు. వచ్చినా వాకిట్లోనే నిలబడి నన్ను పలకరించి పోయేవాడు. అవ్వ ఎంత ఏడ్చినా ఆ పట్టు వదల్లేదు. ప్రేమ బాపు చేత ఫారం నింపించింది గానీ, ఆ గడప దాటించలేకపోయింది.

2019లో బాపు పోయాడు. చెప్పిపోయినట్టే దినవారాలు చేయలేదు, జెండా కప్పి పంపాము. అవ్వ అడ్డు చెప్పలేదు. నెల తిరిగాక ఒక్కతే వేములవాడ పోయి ఆయన పేరు మీద కోడె కట్టి వచ్చింది. ఇప్పుడు బీడీ పింఛను అందుకుంటోంది. మొన్న నా దగ్గరికి వచ్చినప్పుడు, ఇంత తేడా పెట్టుకుని లొల్లి లేకుండా ఎట్ల బతికిన్రు అని అడిగాను.

“లొల్లి లేదని ఎవలు చెప్పిన్రు బిడ్డా? నువ్వు పండినంక పెట్టుకునేటోళ్లం. సాంచాల సప్పుడుకు నీకు ఇనబడకపోయేది.”