మా వంశంలో లేని జబ్బు

1912లో లండన్ నుంచి వెలువడే ‘బ్రెయిన్’ పత్రిక ఒకే ఒక్క వ్యాసానికి రెండువందలకు పైగా పుటలు కేటాయించింది. దాన్ని రాసినవాడు శామ్యూల్ అలెగ్జాండర్ కినియర్ విల్సన్. న్యూజెర్సీలో పుట్టి, ఎడిన్‌బరోలో వైద్యం చదువుకొని, పారిస్‌లో కొంతకాలం శిక్షణ పొంది, చివరికి లండన్‌లో క్వీన్ స్క్వేర్‌లోని నరాల ఆసుపత్రిలో కుదురుకున్నవాడు. అప్పటికి అతని వయసు 33 ఏళ్ళు. తాను స్వయంగా చూసిన నలుగురు రోగుల చరిత్రలకు, అంతకుముందు ఇతరులు నమోదు చేసిన మరికొన్నిటిని జోడించి, అంతవరకూ విడివిడిగా ఉండిపోయిన లక్షణాలను అతడు ఒకే వ్యాధిగా గుర్తించాడు. రోగులంతా చిన్న వయసువాళ్ళు. చేతులు వణుకుతాయి, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది. కొందరు నెలల్లో, కొందరు కొన్నేళ్ళలో చనిపోయారు.

శవపరీక్షలో రెండు సంగతులు బయటపడ్డాయి. మెదడు లోతుల్లో రెండువైపులా పప్పుగింజ ఆకారంలో ఉండే ఒక భాగం శిథిలమై ఉంది. విల్సన్ ఈ వ్యాధికి పెట్టిన పేరులోని ‘లెంటిక్యులర్’ అన్న మాటకు మూలం ఆ పప్పుగింజే. ఇక కాలేయం గట్టిపడి, బొడిపెలు కట్టి, తాగుబోతుల్లో కనిపించే సిరోసిస్‌ను తలపిస్తోంది. బతికుండగా వీళ్ళలో కాలేయపు జబ్బు ఛాయలు పెద్దగా కనిపించలేదు. కాలేయం నుంచి పుట్టిన ఏదో విషం మెదడును దెబ్బతీస్తోందని విల్సన్ ఊహించాడు. ఆ ఊహ సత్యానికి చాలా దగ్గరగా వెళ్ళింది.

అదే వ్యాసంలో అతడు మరొక మాట కూడా అన్నాడు: ఈ వ్యాధి ఒకే కుటుంబంలో పలువురికి వస్తుంది గాని, వంశపారంపర్యమైనది మాత్రం కాదని. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ వస్తోంది. తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగా ఉన్నారు. వంశపారంపర్యమంటే తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి సాగే వరస అని అనుకున్నవాడికి ఈ నిర్ణయం సహజమే. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇదే. ఎందుకంటే దీనికి సమాధానం అప్పటికే ఉంది, అదీ కూతవేటు దూరంలో. క్వీన్ స్క్వేర్‌ను ఆనుకొనే ఉన్న గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన ఆర్చిబాల్డ్ గ్యారడ్, మూత్రం నల్లబడే ఆల్కాప్టోన్యూరియా గురించి 1902లోనే ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఆరోగ్యవంతులు, చాలామంది దగ్గరి చుట్టాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ ఒకే బిడ్డలో కలిసినప్పుడే బయటపడే ‘అంతర్గత’ లక్షణం ఇదని మెండెల్ సూత్రాల సాయంతో గ్యారడ్ వివరించాడు. నరాల వైద్యులకు మూత్రపరీక్షల రసాయనం పట్టలేదు కాబోలు. విల్సన్ వ్యాధి విషయంలో ఈ సూచన మొదట 1921లో హాల్ రచనలో కనిపిస్తుంది. అది స్థిరపడింది 1953లో, న్యూయార్క్‌లో అలెగ్జాండర్ బేర్న్ చేసిన కుటుంబ పరిశీలనలతో.

వంశపారంపర్యం సంగతే కాదు, రాగి సంగతి తేలడానికీ అంతే కాలం పట్టింది. 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ అనే ఇద్దరు జర్మన్ నేత్రవైద్యులు కొందరు రోగుల కార్నియా అంచున ఆకుపచ్చా గోధుమా కలిసిన వలయాన్ని చూశారు. అది రాగి. విల్సన్ మొదటి వ్యాసంలో ఈ వలయం ప్రస్తావనే లేదు. 1913లో రుంపెల్ ఒక రోగి కాలేయంలో రాగి అధికంగా ఉందని చెప్పాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1916లో ఎడిన్‌బరోలో బైరం బ్రామ్‌వెల్ ఒక కుటుంబం గురించి రాశాడు. 9, 10, 14, 14 ఏళ్ళ వయసుల్లో నలుగురు తోబుట్టువులు వరసగా కాలేయం చెడి చనిపోయారు. వణుకు లేదు, బిగుసుకుపోవడం లేదు. అయినా ఇది విల్సన్ చెప్పిన వ్యాధేనేమోనని ఆయన అనుమానించాడు. ఆ అనుమానం ఎంత విలువైనదో వైద్యలోకానికి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది: ఒకే లోపం పసితనంలో కాలేయపు జబ్బుగానూ, యవ్వనంలో నరాల జబ్బుగానూ కనిపించవచ్చు. 1948లో క్వీన్ స్క్వేర్‌లోనే జాన్ కమింగ్స్ రోగుల మెదడులోనూ కాలేయంలోనూ రాగిని కొలిచి చూపాకగాని దోషి ఎవరో నిశ్చయం కాలేదు.

మన తిండిలో రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. అది అవసరమే. మిగులును కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపుతుంది. ఆ పంపే పని 13వ క్రోమోజోమ్ మీద ఉన్న ఏటీపీ7బీ అనే జన్యువుది. దాన్ని 1993లో కనుగొన్నారు. రాగిని సెరులోప్లాస్మిన్ అనే నీలిరంగు ప్రోటీన్‌లో అమర్చేదీ అదే. అది పనిచేయకపోతే రాగి ముందు కాలేయంలో పేరుకుంటుంది. అక్కడ చోటు చాలనప్పుడు రక్తంలోకి పొంగి మెదడుకూ కంటికీ చేరుతుంది. రక్తంలో సెరులోప్లాస్మిన్ మాత్రం సాధారణంగా తగ్గిపోతుంది.

చికిత్సకు దారి యుద్ధం నుంచి వచ్చింది. లూయిసైట్ అనే ఆర్సెనిక్ విషవాయువుకు విరుగుడుగా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం ‘బాల్’ అనే మందు తయారు చేసింది. లోహాన్ని పట్టుకొని బయటికి లాగడం దాని గుణం. 1951లో కమింగ్స్ ఇంగ్లండ్‌లోనూ, డెనీ-బ్రౌన్, పోర్టర్ బాస్టన్‌లోనూ దాన్ని ఈ రోగులకు వాడి చూశారు. కొందరు కోలుకున్నారు, కాని విపరీతంగా నొప్పిపెట్టే ఇంజెక్షన్లను జీవితాంతం భరించేదెవరు? సుమారు అదే కాలంలో జాన్ వాల్ష్ అనే యువ వైద్యుడు, పెనిసిలిన్ వాడిన రోగుల మూత్రంలో పెనిసిలమిన్ అనే పదార్థాన్ని గమనించి ఉన్నాడు. బాస్టన్‌లో ఒక విల్సన్ రోగిని చూసినప్పుడు ఆ అణువు నిర్మాణం అతనికి గుర్తుకొచ్చింది: రాగిని పట్టగల గంధకపు కొక్కెం దానికి ఉంది. మొదటి మోతాదు తానే మింగి, ఏమీ కాలేదని చూసుకొని, తర్వాత రోగికి ఇచ్చాడు. 1956లో ఫలితాలు ప్రచురించాడు. ఈ వాల్ష్ తండ్రి ఫ్రాన్సిస్ వాల్ష్ క్వీన్ స్క్వేర్‌లో నరాల వైద్యుడు, ‘బ్రెయిన్’ సంపాదకుడు కూడా. పెనిసిలమిన్ పడనివారి కోసం కొడుకు 1969లో ట్రయంటీన్ అనే మరో మందు ప్రవేశపెట్టాడు. జింకుతో పేగుల్లోనే రాగిని ఆపే పద్ధతి నెదర్లాండ్స్ నుంచి వచ్చింది.

ట్రయంటీన్ కథకు ఒక చేదు అనుబంధం ఉంది. అమెరికాలో 100 గుళికల ధర 2010లో 652 డాలర్లు. వేలియంట్ కంపెనీ చేతిలో 2015 నాటికి అది 21,267 డాలర్లయింది. మందులో మార్పేమీ లేదు.

మన దేశపు కాలేయ చరిత్రలో రాగికి మరొక అధ్యాయం ఉంది. రెంటినీ కలిపి గందరగోళపడేవారు ఇప్పటికీ ఉన్నారు. పాత తెలుగు పత్రికలు తిరగేసినవారికి జమ్మి వెంకటరమణయ్యగారి లివర్ క్యూర్ ప్రకటనలు గుర్తుండే ఉంటాయి. ఒకటి నుంచి మూడేళ్ళ లోపు పిల్లలను పొట్టనపెట్టుకున్న ‘లివరు జబ్బు’కు ఉద్దేశించిన మందు అది. ఆ పిల్లల కాలేయాల్లోనూ రాగి విపరీతంగా ఉండేది. పుణెలో పనిచేసిన భావే, పండిత్‌లతో కలిసి ఇంగ్లండ్‌కు చెందిన టానర్ 1983లో ఒక కారణం సూచించాడు: ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిలవ ఉంచిన పాలు. పాలలోని ప్రోటీన్ రాగిని పట్టుకుంటుంది. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. విల్సన్ వ్యాధి అలా పోయేది కాదు. అందులో దోషం గిన్నెలో లేదు. రాగి సీసాలో నీళ్ళు తాగితే ఈ వ్యాధి పుట్టదు. అయితే ఉన్నవాళ్ళు ఆ సీసాకు దూరంగా ఉండవలసిందే.

ఇక మేనరికాల సంగతి. సుమారు 30,000 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందనే లెక్క ప్రకారం, ఒక్క లోపమే ఉండి ఆరోగ్యంగా తిరిగే వాహకులు దాదాపు 90 మందిలో ఒకరు. వాహకుడు పరాయి సంబంధం చేసుకుంటే భార్య కూడా వాహకురాలయ్యే అవకాశం ఆ 90లో ఒకటే. మేనత్త కూతురినో మేనమామ కూతురినో చేసుకుంటే అది ఎనిమిదిలో ఒకటవుతుంది. అక్క కూతురినైతే నాలుగులో ఒకటి. అలాగని మేనరికం లేని ఇళ్ళకు పూచీ ఏమీ లేదు. ఈ జన్యువులో వందలాది ఉత్పరివర్తనలున్నాయి, వేర్వేరు వంశాల నుంచి రెండు వేర్వేరు లోపాలు వచ్చి కలవడమూ మామూలే. “మా వంశంలో ఇలాంటిది ఎవరికీ లేదండీ” అని తల్లిదండ్రులు డాక్టరుతో అనే మాట నిజమే. 1912లో విల్సన్‌ను తప్పుదారి పట్టించినదీ ఆ నిజమే.

బిడ్డల్లో ఒకరికి వ్యాధి తేలితే, తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ అది ఉండే అవకాశం నాలుగులో ఒకటి. అన్నకు చేతులు వణికితే, చెల్లెలికి పైకి ఏ లక్షణమూ లేకపోవచ్చు, లేదా కారణం తెలియని కామెర్లుగా రావచ్చు. కాలేయపు రూపంలో వచ్చినవారిలో కంటి వలయం సగం మందిలోనే కనిపిస్తుంది, కాబట్టి అది లేదని నిశ్చింతగా ఉండడానికి లేదు. పసికందుల్లో సెరులోప్లాస్మిన్ సహజంగానే తక్కువ; ఆ వయసులో ఆ పరీక్ష ఏమీ చెప్పదు. అన్నలోని రెండు ఉత్పరివర్తనలూ ఏవో తెలిసి ఉంటే మాత్రం చెల్లెలి సంగతి ఒక్క రక్తపు నమూనాతో తేలిపోతుంది. లక్షణాలు రాకముందే జింకో మరో మందో మొదలుపెట్టి మానకుండా వాడినవాళ్ళు చాలావరకు అందరిలాగే చదువుకొని, ఉద్యోగాలు చేసుకొని, పిల్లల్ని కని బతుకుతున్నారు.