మనీలా మీదుగా పత్తికొండకు

పత్తికొండ, ఆదోని వైపు ఇప్పుడు ఫిలిప్పీన్స్ పేరెత్తితే ముందు గుర్తొచ్చేది డాక్టరు చదువు. ఇక్కడ సీటు రాని పిల్లలు డావావ్ వెళ్లి చదువుకోవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. వరి పండించిన పెద్దవాళ్లయితే ఐ.ఆర్.8 అంటారు. 1966లో విడుదలైన ఆ వంగడం పుట్టింది మనీలాకు దగ్గర్లోని లాస్ బాన్యోస్ పరిశోధన కేంద్రంలోనే. ఈ రెండిటికంటే చాలా ముందే ఆ దీవులకూ మన ఎర్రచేలకూ ఒక పొత్తు కుదిరింది. పుస్తకాల్లో వేరుశనగ అని రాసే మన బుడ్డల వల్ల.

జొన్నరొట్టెలోకి బుడ్డల పొడి తాతలనాటి తిండి అనుకుంటాం. ఎంత పాత తాతలో చూడాలి. పత్తికొండ పక్కన రాజులమందగిరిలో అశోకుడి శాసనం ఉంది. బండ మీద ఆ అక్షరాలు చెక్కి 2,200 ఏళ్లు దాటింది. ఆనాడు ఈ నేలలో బుడ్డగింజ లేదు. కృష్ణదేవరాయల వంటశాలలోనూ లేదు. మిరపకాయా లేదు, టమోటా లేదు. పత్తికొండ మార్కెట్లో ఈ రోజు టమోటా గంపలు చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, ఈ మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే.

వేరుశనగ సొంతూరు దక్షిణ అమెరికా. బొలీవియా దక్షిణాన, అర్జెంటీనా ఉత్తరాన రెండు అడవి జాతులు కలిసి ఈ మొక్క పుట్టింది. పెరూలో దీన్ని వేల ఏళ్లు పండించారు. అక్కడి సిపాన్ అనే చోట 1987లో మోచే అనే పాతకాలపు జాతి ప్రభువు ఒకరి సమాధి బయటపడింది. ఆయన మెడలోని హారంలో పూసలు వేరుశనగ కాయలే: పది బంగారంతో, పది వెండితో చేసినవి. మన దగ్గర బుడ్డలకు అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

ఇక మనీలా. 1565లో ఉర్దానెతా అనే క్రైస్తవ సన్యాసి పసిఫిక్ గాలుల ఆనుపానులు పట్టి ఫిలిప్పీన్స్ నుంచి మెక్సికోకు తిరుగుదారి కనిపెట్టాడు. 1571లో స్పెయిన్ సేనాని లెగాస్పి మనీలాను ఆ దీవుల్లో స్పెయిన్ పాలనకు రాజధానిగా చేశాడు. ఆ తర్వాత 1815 దాకా మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య ఏటా ఒకటో రెండో పెద్ద ఓడలు తిరిగాయి. పోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, రావడానికి మూడు. అటునుంచి వెండి, ఇటునుంచి చైనా పట్టు, మసాలాలు, మన కోరమండల్ తీరపు నూలుబట్టలు. ఇది పద్దులకెక్కిన సరుకు. పద్దులకెక్కనిది ఓడవాళ్ల మూటల్లో ఉండేది: మొక్కజొన్న, చిలగడదుంప, సీమచింత గింజలు, వేరుశనగ. పొట్టుతో ఉన్న వేరుశనగ నెలల తరబడి పాడుకాదు, పొయ్యి లేకపోయినా తినొచ్చు, మిగిలింది దిగినచోట విత్తుకోవచ్చు. సముద్రం దాటడానికి అంతకు మించిన అర్హత ఇంకేం కావాలి?

ఆ ఓడలు ఎవరి రెక్కల మీద తయారయ్యాయో చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఫిలిప్పీన్స్‌లో 16 నుంచి 60 ఏళ్ల మధ్య మగవాళ్లంతా ఏటా 40 రోజులు ప్రభుత్వానికి పని చేయాలని స్పెయిన్ శాసించింది. పోలో అనే ఈ వెట్టిలో అన్నిటికంటే గడ్డుపని కొండల్లో మానులు నరికి కావీటే ఓడరేవుకు లాగడం. నలభై రోజులన్నది కాగితం మీది మాట. 1649లో సమార్ దీవి జనాన్ని కావీటేకు తోలాలని చూస్తే సుమురోయ్ అనేవాడు తిరగబడ్డాడు. 1660లో పంపంగా ప్రాంతంలో మానులు నరికి నరికి కూలి అందనివాళ్లు మనియాగో నాయకత్వంలో లేచారు. రెండు తిరుగుబాట్లూ చల్లారాయి, ఓడలు ఆగలేదు. మనీలా ఓడలంటే వెండి కథలే చెబుతుంటారు. నాకు మాత్రం అది ముందు మానుల కథ, ఆ తర్వాతే వెండి కథ.

మనీలా నుంచి గింజ మన తీరానికి చేరడానికి దారి అప్పటికే పడి ఉంది. ఇంగ్లీషు ఓడలను స్పెయిన్ మనీలాలోకి రానిచ్చేది కాదు. అందుకని మద్రాసు వర్తకులు ఆర్మీనియన్ల పేరుమీద ఓడలు పంపేవారు. మద్రాసులో అడయారు మీద 1726లో వంతెన కట్టించిన ఆర్మీనియన్ షావుకారు పెట్రస్ ఉస్కాన్ మనీలా వ్యాపారంలో గడించినవాడే. బట్టలు పోయిన దారినే గింజలు వచ్చాయనడానికి ఆర్కాటు పల్లెల్లో సాక్ష్యం ఉంది: అక్కడ వేరుశనగను నేటికీ మనీలా కొట్టై అంటారు.

అదే దారిలో 1762లో సైన్యం పోయింది. స్పెయిన్‌తో యుద్ధం రాగానే ఇంగ్లీషువాళ్ల కర్నల్ డ్రేపర్ ఆగస్టులో మద్రాసు నుంచి బయల్దేరి అక్టోబరు 6న మనీలాను పట్టుకున్నాడు. ఆయన వెంట వందలమంది మద్రాసు సిపాయిలున్నారు. ఆ రోజుల్లో మద్రాసు సిపాయిల్లో తెలుగువాళ్లు ఎంతమందంటే, ఉత్తరాదిలో సిపాయిని తిలంగా అని పిలిచేవారు. 1764లో బ్రిటిష్‌వాళ్లు మనీలా వదిలిపోతే కొందరు సిపాయిలు ఓడెక్కలేదు. మనీలాకు తూర్పున కాయింటా అనే ఊళ్లో పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారు. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడుంది.

గింజ వచ్చింది సరే, చాలాకాలం అది పెరటి పంటే. దాన్ని చేలోకి దింపినవి రెండు విషయాలు: పన్ను, సబ్బు. 1800లో నిజాం వదులుకున్న ఈ దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతువారీ పద్ధతి పాదుకొల్పాడు. గవర్నరయ్యాక మళ్లీ ఈ ఊళ్లు చూడాలని వచ్చి, కలరా సోకి, 1827 జులై 6న పత్తికొండలోనే కన్నుమూశాడు. మన్రో మంచివాడని ఇక్కడి జనం చెప్పుకుంటారు, నిజమే కావచ్చు. కానీ పన్ను డబ్బుగా కట్టాలి, వాన పడినా పడకున్నా. డబ్బు తెచ్చే పంట కావాలి. ఫిలిప్పీన్స్‌లో 1782 నుంచి పొగాకు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం నడిచింది. కగయాన్ లోయ రైతులు లెక్క ప్రకారం పొగాకు పండించి తీరాలి. అక్కడ హుకుం చేసిన పని ఇక్కడ శిస్తు చేసింది.

సబ్బు సంగతి ఫ్రాన్సుది. 19వ శతాబ్దం నడుమ మార్సెయ్ మిల్లులకు నూనెగింజలు కావలసివచ్చి, పుదుచ్చేరి రేవు నుంచి వేరుశనగ ఓడలకెక్కింది. దక్షిణ ఆర్కాటులో మొదలైన సాగు క్రమంగా మన ఎర్రనేలల దాకా పాకింది. 1871లో మద్రాసు రైలు ఆదోని మీదుగా రాయచూరు చేరడంతో బస్తాకు బండి దొరికింది. ఆ శతాబ్దం చివర్లో పాత విత్తనం తెగుళ్లకు కుదేలైతే మారిషస్ నుంచి కొత్తది తెచ్చి నిలబెట్టారు. 1940లో తిండివనంలో వచ్చిన టి.ఎం.వి.2 రాయలసీమను దశాబ్దాలపాటు ఏలింది. 2005 తర్వాత ఆ చోటు కదిరి పరిశోధన కేంద్రం వారి కె-6 తీసుకుంది.

చేను పూతకొచ్చాక ఊడలు దిగేదాకా రైతుకు నిద్ర ఉండదు. పువ్వు పైన పూస్తుంది, కాయ నేలలో ఊరుతుంది. ఊడ దిగేనాటికి నేల గట్టిపడితే ఆ యేడు కట్టె తప్ప కాయ దక్కదు. కట్టె పశువులకైనా పనికొస్తుంది, అదొక ఊరట. అలాంటి యేడాది ఊళ్లకు ఊళ్లే గుంటూరు మిరపకోతలకు సుగ్గికి పోతాయి. వలస బాధ ఫిలిప్పీన్స్‌కూ తెలుసు. మార్కోస్ హయాంలో 1974 కార్మిక చట్టంతో మనుషులను విదేశాలకు పంపడాన్నే ప్రభుత్వ విధానం చేశారు. ఇప్పుడు అక్కడి జాతీయాదాయంలో అలా వెళ్లినవాళ్లు పంపే డబ్బుది పెద్ద వాటా. మన సుగ్గికి చట్టమూ లేదు, లెక్కా లేదు.

1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచాక బుడ్డల నూనె ధర కుదురుగా నిలిచిన యేళ్లు తక్కువ. మరోపక్క వేరుశనగ పప్పు ఎగుమతి పెరిగింది. కొనే దేశాల్లో ఇండోనేసియా, వియత్నాంతో పాటు ఫిలిప్పీన్స్ కూడా ఉంది. వాళ్లు పల్లీలను వెల్లుల్లితో వేయించుకు తింటారు, నూరి కరే-కరే కూరలో వేస్తారు. ఆ ఎగుమతి బేరంలో ముందుండేది గుజరాత్. కాయ ముదిరే రోజుల్లో వాన మొహం చాటేస్తే పప్పుకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఎగుమతిదారులు అది పరీక్షించకుండా సరుకు ఎత్తరు. పత్తికొండలో ఆఖరి వాన తప్పే యేళ్లే ఎక్కువ. ఆ కాయ ఆదోని మిల్లుకు, మిల్లు చెప్పిన ధరకు పోవలసిందే.