వృద్ధుల మతిమరుపు: పళ్లెంలో ఏముందో అడగాలి

తిరుపతి జిల్లా వడమాలపేట లాంటి మండలాల్లో భూమి లేని కూలీలకు ఒళ్లు సహకరించని రోజు నుంచే తిండి తగ్గుతుంది. ఆ తర్వాత వచ్చే మతిమరుపును వయసు ఖాతాలో వేసేస్తాం.

2017-18 నాటి లాసీ సర్వే దేశంలో 45 ఏళ్లు, అంతకు పైబడినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా వివరాలు సేకరించింది. ఆహార అభద్రత ఉన్న వృద్ధుల్లో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తక్కువగా ఉన్నట్టు వాటి విశ్లేషణల్లో తేలింది. ఇది సంబంధమే తప్ప, తిండి లేకపోవడమే కారణమనడానికి రుజువు కాదు.

అయితే బి12 విటమిన్ లోపం మతిమరుపు, తికమక, కాళ్ల తిమ్మిర్లు తెస్తుందని వైద్యులకు తెలుసు. రక్తపరీక్షలో త్వరగా గుర్తిస్తే మందులతో నయం కావచ్చు. బి12 సహజంగా దొరికేది ప్రధానంగా మాంసం, చేపలు, గుడ్లు, పాలలో.

2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం వస్తుంది. బియ్యంలో సహజంగా బి12 ఉండదు. అంగన్‌వాడీలో పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు గుడ్డు ఇస్తారు. అదే వాడలోని అవ్వాతాతలకు ఆ హక్కు లేదు.

గ్రామసభల్లో అడగాల్సినవి మూడు: వృద్ధులకూ గుడ్డు, పప్పు ఇవ్వాలి, ప్రభుత్వాసుపత్రిలో బి12 పరీక్ష చేయాలి, వేలిముద్ర పడలేదని ఎవరి బియ్యమూ ఆపకూడదు.