ఇటలీ బిడ్డ, మన పద్మిని

1941వ సంవత్సరము జూను 21వ తేదీన విశాఖపట్టణమున నౌకానిర్మాణశాలకు రాజేంద్రప్రసాదుగారి చేత శంకుస్థాపన చేయించినవారు వాల్‌చంద్ హీరాచందుగారు. నాడు విజయనగరమును శ్రీకాకుళమును విశాఖపట్టణము జిల్లాలోనివే. ఆ ఓడలను గూర్చి మనవా రిప్పటికిని చెప్పుకొందురు. ఆయనయే నాటిన మఱియొక మొక్కను తలచువా రరుదు.

మోటారుకారులు మనదేశముననే చేయవలెనని ఆయన సంకల్పము. పరప్రభుత్వము దానికి తోడ్పడకున్నను 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వెలసెను. మొదట అమెరికా బండ్ల భాగములను దెప్పించి కూర్చుటయే పని. అవి జమీందారులకు దగినవేగాని సామాన్య గృహస్థునకు దగినవి కావు. పిమ్మట ఇటలీదేశపు ఫియట్ కంపెనీతో పొత్తు కుదిరెను. 1953లో ఆ కంపెనీ క్రొత్త 1100 కారును వెలువరించెను. వాల్‌చందుగారు ఆ యేటనే కాలధర్మము నొందిరి.

ఈ చిన్నకారునకు 1,089 ఘన సెంటీమీటర్ల యంత్రము, నాలుగు తలుపులు. గేరుకఱ్ఱ స్టీరింగు ప్రక్కనే యుండుటచే ముందుసీటున ముగ్గురు సర్దుకొనవచ్చును. అత్తమామలను విడిచి కదలని మన సంసారములకు ఇంతకంటె నేమి కావలెను? ఇచ్చట 1964 నాటి రూపమునకు డిలైట్ అని పేరు. ఫియట్ వారి యొప్పందము ముగియగా 1972లో ప్రెసిడెంట్, 1974లో పద్మిని యయ్యెను. మెట్టినింట కోడలికి పేరు మార్చినట్లు పేరు మాఱెను గాని బండి మాఱలేదు.

మా యాక్షేప ణిచ్చటనే. ఇటలీవారు ఈ రూపమును 1966లోనే మానివేసిరి. మనము 2000 వఱకు చేయుచునే యుంటిమి. విదేశపు కారులకు తలుపు మూసి, స్వదేశమున లైసెన్సు లేనిదే యెవ్వరును చేయరాదని కట్టడి చేసినందున, సొమ్ము ముందుగా చెల్లించినవాడును ఏండ్ల తరబడి కాచుకొనవలసివచ్చెను. కొనువాడు యాచకుడు, అమ్మువాడు దాత! పసిబిడ్డను చంక నెత్తుకొనుట ధర్మమే. ముప్పదియేండ్ల వానిని గూడ నెత్తుకొందుమా? 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చినపిదపగాని కొనువానికి కొంత మర్యాద దక్కలేదు.

అయినను న్యాయము చెప్పవలెను. బండి మాఱకుండుటచే బొబ్బిలి మెకానిక్కు ఒక్కసారి నేర్చిన విద్య జీవితాంతము చెల్లెను. విప్పి, తుడిచి, మరల బిగించినచో నడచెడి సులువైన యంత్రము గదా. పద్మిని టాక్సీలలో కడపటిది, ఇరువదియేండ్ల గడువు నిండగా, 2023 అక్టోబరులో ముంబయి వీధుల నుండి సెలవు పుచ్చుకొనెను.