మా ఊరిని రెండు ముక్కలు చేసిన ఖాళీ

మా ఊరి వాన లెక్కలు (అసలే అంతంత మాత్రం!) "పెద్ద పంజాణి" అనే ఫైల్లో పెట్టి, మ్యాట్‌ల్యాబ్‌లో లోడ్ కమాండ్ పక్కన ఆ పేరు కొట్టా. "పెద్ద" అనే ఫైలు లేదు పొమ్మంది.

పాపం, దాని తప్పేం లేదు. 1970ల యూనిక్స్ షెల్ నాటి నుంచీ కమాండ్లో ఖాళీ వస్తే ఒక మాట అయిపోయినట్టే. 1995లో విండోస్ 95 వచ్చి పేర్లలో ఖాళీలు అందరికీ అలవాటు చేసింది. 2001 నవంబరులో ఐట్యూన్స్ 2 మ్యాక్ ఇన్‌స్టాలర్ స్క్రిప్టులో కోట్స్ మరిచారు. డిస్కు పేరులో ఖాళీ ఉన్న కొందరికి డిస్కులోని డేటానే తుడిచిపెట్టుకుపోయింది! ఆపిల్ హడావుడిగా 2.0.1 వదిలింది.

నాకు ఎర్రర్‌తో పోయింది. బ్రాకెట్లో, కోట్స్ మధ్య పేరు పెడితే ఫైలు తెరుచుకుంది. అయినా తెలుగులో "పెద్దపంజాణి" అని కలిపే రాస్తాం కదా, ఫైలు పేరూ అలాగే కలిపేశా.