పన్నెండు మెట్ల కిన్నెర: వీరగాథ నుంచి సినిమా పాట దాకా

నాగర్‌కర్నూల్ జిల్లాలో బల్మూర్, లింగాల మండలాలు పక్కపక్కనే ఉన్నాయి. నల్లమల అంచున ఉన్న ఈ ప్రాంతం పన్నెండు మెట్ల కిన్నెరకు ప్రసిద్ధి. ఈ వాద్యాన్ని లోకానికి పరిచయం చేసిన దర్శనం మొగులయ్య స్వగ్రామం లింగాల మండలంలోని అవుసలికుంట. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, లోహపు తీగలు, తేనెమైనంతో నిలిపిన మెట్లు ఈ వాద్యంలోని ప్రధాన భాగాలు.

కిన్నెరను తరతరాలుగా కాపాడినవారు డక్కలివారు. వీరు మాదిగలకు ఆశ్రితులు. దాతల కులపురాణాన్ని, వంశక్రమాన్ని చెప్పడం వీరి వృత్తిధర్మం. అందువల్ల కిన్నెర కథలో నాయకుని పుట్టుక, ఊరు, తల్లిదండ్రుల ప్రస్తావన కేవలం అలంకారం కాదు. అది కథకుని అధికారానికి గుర్తు. ఎవరి వంశాన్ని కీర్తించాలో నిర్ణయించేది కథకుడు, అతణ్ణి పోషించే సమాజం. ఆ అధికారంతోనే పాలమూరు కిన్నెర పండుగ సాయన్న కథను నిలబెట్టింది. ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన సాయన్న పాలకుల దృష్టిలో దొంగ, ప్రజల పాటలో వీరుడు.

2021 సెప్టెంబరు 2న విడుదలైన ‘భీమ్లా నాయక్’ శీర్షిక గీతానికి మొగులయ్య గొంతుతోనే ఆరంభం. సంగీతం తమన్, రచన రామజోగయ్య శాస్త్రి. ఆ ఆరంభంలో నాయకుని పుట్టుక, పెద్దల పేర్లు, నల్లమల నేల వరుసగా వస్తాయి. అంటే వీరగాథలోని వంశకీర్తన పద్ధతి అక్కడ యథాతథంగా ఉంది. మారింది నాయకుడు. పాలకులు వెంటాడిన సాయన్న స్థానంలోకి పోలీసు అధికారి వచ్చాడు. రూపం నిలిచింది, అది ఎవరి పక్షాన నిలబడిందో ఆ దిశ మారింది. ఈ పాటపై జరగవలసిన చర్చ ఇదే.

అదే పాట పాడినవారిలో రామ్ మిరియాల ఒకరు. ఆయన హైదరాబాదులోని చౌరస్తా బృందంతో గుర్తింపు పొందిన గాయకుడు. జానపద బాణీని గిటారు, డ్రమ్ములతో కలిపే ఇటువంటి స్వతంత్ర బృందాలు తమ పాట దేని గురించో తామే నిర్ణయించుకొంటాయి. తొలి ఆల్బమ్ అంటే అటువంటి బృందానికి పాటల సంపుటి మాత్రమే కాదు, తన గొంతు తనదేనన్న ప్రకటన కూడా. కిన్నెర కథకునికి ఈ స్వేచ్ఛ కొత్తది కాదు. ఊరి అరుగు మీద అది అతనికి ఎప్పుడూ ఉన్నదే. సినిమా పాటలో మాత్రం మాట మరొకరిది, సందర్భం మరొకరిది. గొంతు, వాద్యం మాత్రమే అతనివి.

సినిమా వల్ల మేలు జరగలేదనడం సరికాదు. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ లభించింది. కిన్నెర పేరు దేశమంతటా వినిపించింది. అయితే 2024లో ఆయన కూలిపనికి వెళుతున్నట్లు పత్రికలు రాశాయి. ప్రసిద్ధి ఒక్కటే కళకు జీవిక కాదని ఇది తెలుపుతుంది. సినిమా పాటలో కిన్నెరకు దక్కినది కొద్ది క్షణాల పల్లవింపు. వీరగాథ అంతకన్నా ఎంతో దీర్ఘమైనది. సాయన్న వంటి కథలను కథకుల పేరుతోనే, కుదింపు లేకుండా ధ్వనిముద్రించి, రాబడిలో వారికి వాటా ఇచ్చినప్పుడే కిన్నెర తన నాయకుణ్ణి మళ్ళీ తానే ఎంచుకోగలుగుతుంది.