ఉట్టిలో బంతి

కార్తికమాసం ప్రవేశించగానే గోపాలపట్నంలోని మా ఇంటి వసారాలో పూలబుట్టలు వేలాడదీయటం పదవీ విరమణ తరువాత నాకు అలవడిన వ్యాపకం. తీగబుట్టలో కొబ్బరిపీచు పరచి, ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, నడుమ పొట్టి బంతినారు, అంచున పెటూనియా నాటుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరపు పచ్చదనాన్ని ఊడ్చివేసింది. నాటినుండి వాయుగుండం కబురు వినగానే బుట్టలను నేలకు దించుతాను. మా అమ్మమ్మ చూచి ఉంటే, "ఉట్టిలో పాలకుండ పోయి పూలకుండ వచ్చిందా!" అని నవ్వేది.

ఈ బంతులు విరిసినప్పుడల్లా నా పాత తప్పిదమొకటి జ్ఞప్తికి వస్తుంది. సుమారు ముప్పై ఏళ్ల క్రితం తరగతిలో కాకతీయుల ఓరుగల్లును వర్ణిస్తూ, వీధివీధినా బంతిపూల తోరణాలు కట్టించాను. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "మాస్టారండీ, బంతి మెక్సికో నుంచి వచ్చిందటండీ" అన్నాడు. "పండితుడికే పాఠమా? కూర్చో!" అని గద్దించాను.

వాడన్నదే నిజం. బంతి జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. అక్కడి అజ్‌టెక్కులు దానిని పూజలలోను, వైద్యంలోను వాడేవారు. నేటికీ మెక్సికోలో నవంబరు మొదటి రెండు రోజులలో పితృదేవతలను తలచుకొనే పండుగకు ఆ పూవే ప్రధానం. కొలంబస్ అట్లాంటిక్ దాటినది 1492లో. వాస్కోడగామా కోళికోడు చేరినది 1498లో. ఆపై పోర్చుగీసుల ఓడల రాకపోకలతోనే బంతి మన దేశం చేరింది. ఓరుగల్లు పతనమైనది 1323లో. నా తోరణాలకు పూలెక్కడివి?

నన్ను మోసగించినది మాట. 'బంతి' ప్రాచీన పదమే. అయితే అది కందుకానికి పేరు. పంక్తికి వికృతి కూడా. కొత్త పూవు గుండ్రని రూపు చూచి మనవారు పాత మాటనే దానికి పెట్టుకొన్నారు. పేరు పాతదైతే పూవూ పాతదేనని నేను భ్రమించాను. ధనుర్మాసంలో గొబ్బెమ్మ తలనెక్కే తీపిగుమ్మడి పూవూ అమెరికా సంతతే. పొగాకుకు దాయాది అయిన పెటూనియా దక్షిణ అమెరికాది. దానికింకా మన మాట దొరకలేదు.

ఇంతమాత్రాన మన గుమ్మానికి బంతి పరాయిది కాదు. అతిథిగా వచ్చి ఇంటిబిడ్డ అయింది. కాని దాని ప్రయాణాన్ని దాచి, తొలినుండీ మనదేనని పిల్లలకు చెప్పటం గురువు చేయదగిన పని కాదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఏ ఊరిలో ఉన్నాడో ఎరుగను. ఈ నాలుగు మాటలు వాని కంటబడితే చాలు. నాయనా, ఆనాడు కూర్చోవలసినవాడిని నేను.